పరిశోధన - స్వరూపము, భేదములు

నాలుగు గ్రంథములు ముందుంచుకొని ఐదవది వ్రాయుట పరిశోధన కాదు. సమాధానము తెలియని ప్రశ్న ఉండవలెను. దానికి తాత్కాలికముగా ఊహించిన సమాధానమే పరికల్పన. అది తప్పని తేలుటకు అవకాశమున్నప్పుడే దానికి విలువ.

మలేరియా క్రిమికి దోమలు ఆశ్రయమని మాన్సన్ ఊహించెను. ఆ ఊహను పరీక్షింపబూనిన రోనాల్డ్ రాస్ 1895 నుండి దోమలను కోసి చూచుచుండెను, ఫలితము శూన్యము. అవి వేరు జాతి దోమలు. తుదకు 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ కడుపులో క్రిమి కనబడెను. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించినది. హుసేన్ ఖాన్‌కు ముట్టినది దోమకు అణా చొప్పున!

క్రిమి జీవితచక్రమును తెలిసికొనుట మౌలిక పరిశోధన. ఆ జ్ఞానముతో దోమల నివారణకు మార్గములు వెదకుట అనువర్తిత పరిశోధన. రెంటి నడుమ గోడ లేదు.

చరిత్ర, సాహిత్య విద్యార్థులకు సూక్ష్మదర్శిని లేదు. ఆధారములను ఒకదానితో నొకటి సరిచూచుటయే వారి ప్రయోగము. గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించెననుటకు, అద్దంకి గంగాధరకవి ఆయనకు అంకితమిచ్చిన 'తపతీ సంవరణోపాఖ్యానము' సాక్ష్యము. అయితే కృతిభర్తను కవి పొగడుట సహజము. కావున ఫార్సీ చరిత్రలతోను, శాసనములతోను పోల్చక తీర్పు చెప్పరాదు. తెలుగు మాత్రమే వచ్చినవారు సగమే చదువగలరు. ఫార్సీ మాత్రమే వచ్చినవారును అంతే. తెలుగు, ఉర్దూ లిపులు రెండును చదువగల విద్యార్థులు మన కళాశాలలో ఉన్నారు. వారు ఇక ఫార్సీ భాష నేర్చుకొనుటయే మిగిలియున్నది.