పొద్దు లెక్క

గుడివాడ రైలు జంక్షను. ఇక్కడి నుంచి ఒక దారి విజయవాడ పోతుంది. ఒకటి మచిలీపట్నం పోతుంది. ఇంకొకటి భీమవరం పోతుంది. రైలుకు వేళ ఉంది. బస్సుకు వేళ ఉంది. బడికి వేళ ఉంది. మరి కొట్టుకు?

గుడివాడలో ఒక పేటలో చిన్న కిరాణా కొట్టు ఉందనుకుందాం. ఇంటి ముందు గదే కొట్టు. కొట్టు నడిపేది ఆ ఇంటి ఇల్లాలు. భర్త ఆటో తోలతాడు. కూతురు ఏడో తరగతి.

ఇల్లాలు తెల్లవారుజామున 4 గంటలకు లేచేది. 5 గంటలకు కొట్టు తీసేది. రాత్రి 10 గంటలకు మూసేది. వంటా అంట్లూ మధ్యలోనే. పొయ్యి మీద అన్నం ఉండగా "అక్కా, పావుకిలో పంచదార!" అని కేక వినపడేది. ఇచ్చి వచ్చేసరికి అన్నం మాడేది. పడుకునేసరికి 11 గంటలు.

సోమవారం పంచదార అయిపోయేది. బుధవారం నూనె. శుక్రవారం సబ్బులు. ఆదివారం పప్పులు. అయిపోయినప్పుడల్లా పొద్దున 9 గంటలకు హోల్‌సేల్ కొట్టుకు వెళ్ళేది. వెళ్ళి రావడానికి 2 గంటలు. అంతసేపూ కొట్లో కూతురు కూర్చునేది.

"అమ్మా, ఇవాళ లెక్కల పరీక్ష."

"ఒక్క పూటే కదమ్మా. నే వచ్చేస్తా."

అలా వారానికి మూడు రోజులు బడి పోయేది.

ఒకరోజు బడి నుంచి చీటీ వచ్చింది. ఇదివరకైతే ఆమె ఎవరిచేతనో చదివించుకునేది. ఇప్పుడు తనే కూడబలుక్కుని చదివింది. "మీ పాప ఈ నెలలో 12 రోజులు బడికి రాలేదు." మళ్ళీ చదివింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చదువు రాక తను పడ్డ బాధ తనకు తెలుసు.

పక్కింటి వదిన బట్టలు కుడుతుంది. ఆమెతో చెప్పుకుంది.

"ఏం చేయను వదినా? ఒక్కదాన్ని. రోజుకు 24 గంటలూ చాలట్లేదు."

"డబ్బుకు లెక్క రాస్తావు. అరువుకు లెక్క రాస్తావు. పొద్దుకు ఎప్పుడన్నా రాశావా?" అంది వదిన.

గీతల లెక్క

ఆ రాత్రి ఆమె నోటు పుస్తకం తీసింది. గంటలు వరసగా వేసింది. కొట్టుకు ఒకరు వస్తే ఒక గీత. ఇద్దరు వస్తే రెండు గీతలు. వారం రోజులు గీసింది. రోజూ ఇంచుమించు ఒకే తీరు. ఒకరోజు లెక్క ఇదీ:

పొద్దున 5 నుంచి 6 వరకు – 1
6 నుంచి 9 వరకు – 31
9 నుంచి 1 వరకు – 14
మధ్యాహ్నం 1 నుంచి 3 వరకు – 2
3 నుంచి 6 వరకు – 17
సాయంత్రం 6 నుంచి 9 వరకు – 35
రాత్రి 9 నుంచి 10 వరకు – 2

పొద్దున టీపొడికీ, పాల పాకెట్లకూ వస్తారు. బడి పిల్లలు పెన్సిళ్ళకు వస్తారు. సాయంత్రం కూలికి వెళ్ళినవాళ్ళు డబ్బుతో వస్తారు. ఎండవేళ ఎవరూ రారు. లెక్క చూస్తే ఆమెకే ఆశ్చర్యం వేసింది. 5 గీతల కోసం 4 గంటలు కూర్చుంటోంది!

కొత్త వేళలు

భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకున్నారు. నీళ్ళు పట్టడం, ఇల్లు ఊడవడం భర్త ఒప్పుకున్నాడు. పొద్దున 5 నుంచి 6 వరకు ఆమె వంట చేసుకుంటుంది. 6 గంటలకు కొట్టు తీస్తుంది. మధ్యాహ్నం 1 నుంచి 3 వరకు మూస్తుంది. రాత్రి 9 గంటలకు కట్టేస్తుంది. 10 గంటలకు పడుకుంటుంది.

సరుకు మంగళవారం, శుక్రవారం మాత్రమే. అదీ కొట్టు మూసిన 2 గంటల్లోనే. ముందురోజు రాత్రి చీటీ రాస్తుంది. ఏది సగం అయిందో అది రాస్తుంది. పూర్తిగా అయిపోయేదాకా ఆగదు. ఫోనులో చెబితే హోల్‌సేల్ కొట్టువాళ్ళు కట్టి ఉంచుతారు. పావుకిలో, అరకిలో పొట్లాలు 9 నుంచి 1 మధ్యలో కట్టుకుంటుంది. సాయంత్రం తూకానికి తొందర ఉండదు.

పలక మీద తనే రాసి గుమ్మానికి కట్టింది: "మధ్యాహ్నం 1 నుంచి 3 వరకు కొట్టు ఉండదు."

"బేరం పోతుందేమో" అని భయపడింది. మొదటి వారం ఒకరిద్దరు వేరే కొట్టుకు వెళ్ళారు. తర్వాత అందరికీ వేళ తెలిసింది. ఇదివరకు "నూనె లేదు, రేపు రండి" అంటే అంతకన్నా ఎక్కువ బేరం పోయేది. ఇప్పుడు ఆ మాట అనే పని తగ్గింది. పాప రోజూ బడికి పోతోంది.

ఏడాదికీ వేళ ఉంది

మన డెల్టాలో సార్వా వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో. ఆ చేలలోనే చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తుంది. అప్పుడు కూలి డబ్బు తిరుగుతుంది. పాత బాకీలు అడగడానికి అదే అదను. సంక్రాంతి జనవరిలో. బెల్లం, నూనె, నువ్వులు ముందే తెచ్చుకోవాలి. పనులు లేని నెలల్లో అరువు పెరుగుతుంది. అప్పుడు అప్పు తెచ్చి సరుకు నింపకూడదు.

తెలుసుకోండి

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ బడి చదువు హక్కు. అది ఉచితం.

లెక్క చేయండి

1. ఆ రోజు కొట్టుకు మొత్తం ఎంతమంది వచ్చారు?
2. ఇదివరకు కొట్టు రోజుకు ఎన్ని గంటలు తీసి ఉండేది? ఇప్పుడు ఎన్ని గంటలు?
3. ఇదివరకు సరుకుకు వారానికి 4 సార్లు వెళ్ళేది. ఇప్పుడు 2 సార్లు. సారికి 2 గంటలు. వారానికి ఎన్ని గంటలు మిగిలాయి?
4. ఇదివరకు ఆమె ఎన్ని గంటలు నిద్రపోయేది? ఇప్పుడు?

మాట్లాడుకోండి

మీ ఇంట్లో ఎవరు ముందు లేస్తారు? ఎవరు చివర పడుకుంటారు? ఆ పనుల్లో ఏవి పంచుకోవచ్చు?

రాయండి

రేపు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మీరు చేసే పనులు గంటల వారీగా రాయండి. ఇంటి పని కూడా రాయండి. అదీ పనే.