కాలేయ కణాలు పెంచే కొలువులు

1993లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో హెపటైటిస్-బి కోసం ఫియాల్యురిడిన్ అనే మందును 15 మంది రోగులకు ఇచ్చి చూశారు. అంతకుముందు జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఆ మందు కాలేయానికి ముప్పు తెస్తుందన్న జాడే కనిపించలేదు. మనుషుల్లో మాత్రం ఏడుగురికి కాలేయం చేతులెత్తేసింది. వారిలో ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికి బయటపడ్డారు. మందు మనిషి నోట్లోకి వెళ్లేలోపే మనిషి కాలేయ కణం మీద దాన్ని పరీక్షించగలిగితే? ఔషధ పరిశోధనలో ఇప్పుడు కొత్త ఉద్యోగాలు పుట్టిస్తున్నది ఈ ప్రశ్నే.

కణాలు ఎక్కడివి?

దాతల కాలేయాల నుంచి తీసిన కణాలు దొరికేదే తక్కువ. దొరికినా, మామూలు కల్చర్ పళ్లెంలో కొద్దిరోజుల్లోనే తమ పని మరిచిపోతాయి. అందుకే పరిశోధకులు మూలకణాల వైపు తిరిగారు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక మామూలు కణాలను వెనక్కి నడిపించి మూలకణాల్లా మార్చవచ్చని 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల్లో చూపించారు. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇలా మార్చిన ఐపీఎస్ కణాల తయారీకి కొంచెం చర్మమో, రక్తమో ఉంటే చాలు.

మూడు వారాల సేద్యం

ఐపీఎస్ కణాన్ని కాలేయ కణంగా మార్చడమంటే, గర్భంలో పిండం దాటే దశలన్నీ పళ్లెంలో వరుసగా దాటించడమే. మొదటి కొద్దిరోజులు యాక్టివిన్-ఎ అనే ప్రొటీన్, ఆ తర్వాత బీఎంపీ4, ఎఫ్‌జీఎఫ్2, ఆపైన హెచ్‌జీఎఫ్, చివర్లో ఆంకోస్టాటిన్-ఎం. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్లో ఇదంతా పూర్తికావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. మొదట్లో అంచులు స్పష్టంగా కనిపిస్తూ గుంపులుగా ఒదిగి ఉండే కణాలు, చివరికి పలుభుజాల ఆకారంలో పక్కపక్కన సర్దుకుంటాయి. కొన్నింటిలో రెండేసి కేంద్రకాలూ కనిపిస్తాయి.

రూపం చూసి సంబరపడితే కుదరదు. కణాలు ఆల్బుమిన్ విడుదల చేస్తున్నాయా అన్నది ఎలైసా పరీక్షతో కొలవాలి. యూరియా తయారుచేస్తున్నాయా, మందులను విరగ్గొట్టే సీవైపీ3ఏ4 ఎంజైము పనిచేస్తోందా అని చూడాలి. పాడి గేదెకు ఆదివారం సెలవు లేనట్టే, మూలకణాలకు మీడియం (పోషక ద్రవం) మార్చే పనికీ సెలవు ఉండదు.

ఒక చిక్కు ఇంకా మిగిలే ఉంది. ఇలా పెంచిన కణాలు చాలావరకు పిండదశ దగ్గరే ఆగిపోతాయి. పెద్దవాళ్ల కాలేయంలో దాదాపు కనిపించని ఆల్ఫా ఫీటోప్రొటీన్‌ను ఇవి తయారుచేస్తూనే ఉంటాయి. 2013లో యోకొహామా సిటీ యూనివర్సిటీలో టకానొరి టకెబె బృందం మూడు రకాల కణాలను కలిపి పెంచితే అవే చిన్న కాలేయ మొగ్గలుగా కూడుకున్నాయి. ఎలుకల్లో అమర్చినప్పుడు వాటి రక్తనాళాలతోనూ కలిశాయి. పూర్తి పరిణతి మాత్రం ఇప్పటికీ అందని పండే. పీహెచ్‌డీ చేయాలనుకునేవారికి సరైన సమస్య ఇక్కడే దొరుకుతుంది.

అవకాశాలు ఎక్కడ?

కొత్త మందులకు జంతు పరీక్షలు తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో తొలగించింది. భారత్ కూడా 2023లో నిబంధనలు సవరించి కణాల కల్చర్, ఆర్గనాయిడ్లు, ఆర్గాన్-ఆన్-చిప్ వంటి పద్ధతులకు చోటిచ్చింది. ఈ పద్ధతులను ముందుకు తీసుకెళ్లేందుకు హైదరాబాద్‌లోని సీసీఎంబీ ఇంక్యుబేషన్ కేంద్రంలో సెంటర్ ఫర్ ప్రెడిక్టివ్ హ్యూమన్ మోడల్ సిస్టమ్స్ పనిచేస్తోంది. బెంగళూరులో ఇన్‌స్టెమ్ మూలకణాల పరిశోధనకే పుట్టిన సంస్థ. అక్కడి స్టార్టప్ పాండోరమ్ 2015లోనే 3డీ ప్రింటింగ్‌తో కాలేయ కణజాలం తయారుచేసింది.

ఉద్యోగాలు ఒక్క పరిశోధకుడివే అనుకోనక్కర్లేదు. కల్చర్ నిర్వహణ, నాణ్యత పరీక్షలు, విషప్రభావ పరీక్షలు, డాక్యుమెంటేషన్, జన్యు డేటా విశ్లేషణ... వీటిలో ఏ విభాగంలోనైనా అడుగుపెట్టవచ్చు. ప్రోగ్రామింగ్ వచ్చిన బయాలజీ విద్యార్థులకు చివరిది బాగా నప్పుతుంది.

ఇంటర్ తర్వాత

బైపీసీ విద్యార్థులు బీఎస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ లేదా బీఫార్మసీతో మొదలుపెట్టవచ్చు. తిరుపతిలోని ఐసర్‌లో బీఎస్-ఎంఎస్‌కు ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. పీజీ స్థాయిలో గ్యాట్-బి, ఐఐటీ జామ్ ఉన్నాయి. పరిశోధన వైపు వెళ్లేవారు సీఎస్ఐఆర్-నెట్‌కు గానీ, డీబీటీ-జేఆర్‌ఎఫ్ కోసం బెట్ పరీక్షకు గానీ సిద్ధమవ్వాలి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు రూ.37,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం.

మూలకణాల పేరు చెప్పి అన్ని జబ్బులకూ వైద్యం చేస్తామనే క్లినిక్‌ల్లో చేరేముందు ఆలోచించుకోవాలి. ఐసీఎంఆర్, డీబీటీ కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధుల వంటి ఆమోదిత చికిత్సలను మినహాయిస్తే మిగతావన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లోనే జరగాలి. అనుమతి లేనిచోట పొందిన అనుభవం రెజ్యూమెకు బరువే తప్ప బలం కాదు.

ఏం నేర్చుకోవాలి?

ఐపీఎస్ కణాలు ఖరీదైనవి, సున్నితమైనవి. కొత్తవారి చేతికి వాటిని వెంటనే ఇవ్వరు. అందుకే డిగ్రీ, పీజీ ప్రాజెక్టుల్లో హెప్‌జీ2 వంటి కాలేయ కణాలతో చేయి తిప్పుకోవడం మంచిది. క్రిములు చొరబడకుండా కల్చర్ చేయడం, కణాలను లెక్కించడం, ద్రవ నత్రజనిలో భద్రపరిచి మళ్లీ బతికించడం, మైకోప్లాస్మా పరీక్ష, ఎలైసా... ఇవన్నీ స్వయంగా చేసి ఉండాలి. ఇంటర్న్‌షిప్ ఫీజు కట్టేముందు వీటిని తమ చేత చేయిస్తారా, దూరం నుంచి చూపించి పంపేస్తారా అని అడగాలి. ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీ, కణాల పాసేజ్ నంబరు, మీడియం బ్యాచ్‌తో పాటు విఫలమైన ప్రయోగాలనూ రాసుకోవాలి. కల్చర్ ఎప్పుడైనా పాడైందా, కారణం ఎలా పట్టుకున్నారు అని ఇంటర్వ్యూలో అడిగితే, జవాబుకు ఆధారం ఆ పేజీల్లోనే దొరుకుతుంది.