ప్రయాణమును తెలుపు ఆంగ్లపదములు: వాని అర్థభేదములు

ట్రావెల్, జర్నీ, ట్రిప్, వాయేజ్ అను నాలుగు ఆంగ్లపదములకును తెలుగు విద్యార్థి ‘ప్రయాణము’ అని ఒకే అర్థము వ్రాసికొనుచుండును. అది తప్పు కాదు గాని చాలదు. ఈ భేదములు పరీక్షకు మాత్రమే పనికివచ్చునవియు కావు. జగిత్యాల, నిజామాబాదు జిల్లాల నుండి ఖతర్ దేశమునకు కూలిపనికై పోవు మనిషి కాగితముపై ఏ మాట ఉన్నదో దానిని బట్టి అతనికి గల రక్షణయే మారిపోవును.

ట్రావెల్ అనునది సంచారమను క్రియను సామాన్యముగ తెలుపును. నామవాచకముగ దానిని ఒకటి, రెండు అని లెక్కింపరాదు. శ్రమ, యాతన అను అర్థము గల పాత మాట నుండి ఇది పుట్టినది. జర్నీ అనగా ఒకచోటి నుండి మరియొకచోటికి సాగు ప్రయాణము. దీనికి మూలము దినమను అర్థము గల ఫ్రెంచి ‘జూర్’. తొలుత ఒక దినపు నడకయే జర్నీ. మారిషస్ బాలలకు ఈ సంబంధము వేరుగా చెప్పనక్కరలేదు. ట్రిప్ అనగా కొద్దికాలములో పోయి తిరిగివచ్చుట. “ఇవాళ మూడు ట్రిప్పులు వేసినాము” అను లారీ డ్రైవరు ఈ మాటను నిఘంటువు కంటె చక్కగా వాడుచున్నాడు.

వాయేజ్ అనునది ముఖ్యముగ సముద్రయానము. దీని లాటిన్ మూలమునకు దారిబత్తెము, అనగా పాథేయము, అని అర్థము. 1860లో మద్రాసున బయలుదేరి నవంబరు 16వ తేదీన నేటాలు చేరిన ట్రూరో ఓడవారిది వాయేజ్. హైదరాబాదు నుండి నాలుగైదు గంటలలో దోహాలో దిగువానిది ఫ్లైట్ మాత్రమే.

పాసేజ్ అనగా ఓడలో చోటు, దాని ఖర్చు కూడ. నేటాలులో పది సంవత్సరములు గడపిన కూలీలకు ఉచితముగ తిరుగు పాసేజ్ ఇచ్చు నియమముండెను. ఖతర్‌లో 2004 నాటి కార్మికచట్టము ప్రకారము పని ముగిసినవానిని స్వస్థలమునకు పంపు ఖర్చు యజమానిదే. మాట మారినది గాని హక్కు అదియే.

ఇక ఎమిగ్రేట్, ఇమ్మిగ్రేట్. మద్రాసు రేవున ఎమిగ్రెంట్ అయిన మనిషియే పోర్ట్ లూయీ రేవున ఇమ్మిగ్రెంట్. 2006లో యునెస్కో ప్రపంచవారసత్వ స్థలముగ గుర్తించిన ఆప్రవాసీ ఘాట్ పేరు ఈ రెండవ అర్థమునే చెప్పుచున్నది. నిఘంటువులో ఎమిగ్రేట్ అనగా పరదేశమున స్థిరపడుటకై పోవుట. భారతదేశపు 1983 నాటి చట్టములోనైతే ఉద్యోగమునకై విదేశమునకు పోవుటయే ఆ మాటకు అర్థము. ఖతర్‌లో స్థిరపడు ఆశ లేని తాపీపనివాడును ఆ చట్టము దృష్టిలో ఎమిగ్రెంటే. పదవ తరగతి గట్టెక్కనివాడు అచటికి పనికై పోవలెనన్న ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి పొందవలెను. దానితో బీమాయు వచ్చును.

విజిట్ అనగా చూచిపోవుట. “ముందు విజిట్ మీద పొమ్ము, తరువాత మార్పించెదము” అని ఏజెంటు చెప్పునపుడు ఆ ఒక్క మాటతో అనుమతియు, బీమాయు, ఒప్పందపు పరిశీలనయు దాటిపోవును. విజిట్ వీసాపై పని చేయుట నేరము కూడ. ఈ మాట యొక్క అర్థమును ప్రతి పల్లెబడిలోను నేర్పవలెను.

లీవ్ అను చిన్నమాట మరింత చిక్కైనది. ‘ఆన్ లీవ్’ అనగా సెలవుపై పోయి మరల వచ్చుట. ‘లీవింగ్’ అనగా విడిచిపోవుట. మొదటిదానికి బదులు రెండవది అన్నచో, వినువాడు పని మానివేయుచున్నాడని తలచును. ఖతర్‌లో ఒకప్పుడు దేశము దాటుటకే యజమాని అనుమతి కావలసియుండెను. 2018లో చాలమందికిని, 2020 జనవరిలో ఇండ్లలో పనిచేయువారికిని ఆ నిర్బంధము తొలగినది. యజమానిని మార్చుటకు కావలసిన అనుమతిపత్రమును 2020లోనే రద్దుచేసిరి.

అరబ్బీలో ప్రయాణము ‘సఫర్’. ముసాఫిరు అను మాట తెలుగునకు అందుండియే వచ్చినది. తూర్పు ఆఫ్రికావారి సఫారియు దాని సంతతియే. రాయబార కార్యాలయమును తెలుపు ‘సిఫారా’ అను మాటలోను అవే మూడు ధాత్వక్షరములున్నవి. పాస్‌పోర్టు పోగొట్టుకొన్నవాడు దోహాలో టాక్సీ ఎక్కి చెప్పవలసిన మాట ఇదియే.