కయాకింగ్

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల చెంతనే సరూర్‌నగర్ చెరువు ఉన్నది. 1626 నాటి ఈ తటాకం 2020 అక్టోబరు వరదలలో పొంగి పరిసర కాలనీలను ముంచెత్తినది. చెరువెరుగని నగరవాసులు సైతం ఆనాడు పడవలెక్కి బయటపడవలసివచ్చినది. నీటిపై మెలకువ మనకేల అని ఇక ఎవరనగలరు? ఆ మెలకువను ఆటగా నేర్పునది కయాకింగ్.

కయాక్ సన్నని, తేలికైన పడవ. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు చట్రానికి సీల్ చర్మం బిగించి, వేటకై దీనిని నిర్మించుకొనిరి. కెనూలో మోకరిల్లి ఒంటిరెక్క తెడ్డు వేయుదురు; కయాక్‌లో కాళ్ళు చాచి కూర్చుండి, రెండు కొసల రెక్కలున్న తెడ్డును కుడియెడమలుగా త్రిప్పుదురు. చేతిబలమే చాలుననుకొనుట పొరపాటు. పాదములను అదిమిపట్టి మొండెమును త్రిప్పినప్పుడే పడవ వేగమందుకొనును. ఒలింపిక్స్‌లో ఈ పోటీలు 1936లో పురుషులకు, 1948లో స్త్రీలకు ప్రారంభమైనవి.

మురుగు చేరిన సరూర్‌నగర్ చెరువు సాధనకు తగదు. నగర యువతకు ఈ క్రీడ రుచి చూపినది వికారాబాద్ సమీపంలోని కోట్‌పల్లి జలాశయం. ఈత వచ్చినవారైనను లైఫ్ జాకెట్ విడువరాదు. పడవ బోల్తాపడినచో దానిని పట్టుకొనియే తేలవలెను. మంచి శిక్షకులు తెడ్డు వేయుట కంటె ముందు, తిరగబడిన పడవ నుండి వెలుపలికి వచ్చు విధమునే నేర్పుదురు.