పెళ్లి కారు గుయ్‌మంది

విజయవాడ దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇంటి ముందు తెల్ల కారు ఉంటుంది. అది మెర్సిడెస్ బెంజ్ కారు. ఊళ్ళో అందరూ బెంజి కారు అంటారు. 1993లో తయారైంది. ఒకప్పుడు ఎవరో షావుకారు ఎక్కి తిరిగిన కారు. పాతబడ్డాక చవగ్గా అమ్మేశారు. ఆ ఇంటాయన కొన్నాడు. ఆయన డ్రైవరు. పెళ్లిళ్ళకు పూలు కట్టి ఆ కారు తిప్పుతాడు. పెళ్లికొడుకు అందులో ఊరేగుతాడు. ఆ కిరాయితోనే ఇల్లు గడుస్తుంది.

కారు కొనడానికి సగం డబ్బు ఇంటి ఇల్లాలు తెచ్చింది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. ప్రతి నెలా కంతు కడుతోంది. ఆమె చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు సంఘం లెక్కల పుస్తకం తనే రాస్తుంది.

మాఘమాసం దగ్గరపడింది. మూడు పెళ్లిళ్ళకు బయానా తీసుకున్నారు. అప్పుడు కారు మొరాయించింది.

నడవకపోవడం కాదు. నడుస్తుంది. కానీ ఒకటే మోత. ఇంజన్ స్టార్టు చేయగానే "గుయ్" మంటుంది. యాక్సిలేటర్ తొక్కితే ఆ మోత ఇంకా సన్నగా, ఇంకా గట్టిగా వస్తుంది. కారు కదలడానికి లివర్ వేస్తే వెంటనే కదలదు. కాసేపు ఆగి, "దడ్" మని కదులుతుంది.

భర్త కారును ఆటోనగర్‌కు తీసుకుపోయాడు. అక్కడ ఒక కుర్ర మేస్త్రి ఒక్క నిమిషం విన్నాడు.

"గేరుపెట్టె పోయింది. దింపి విప్పాలి. తొంభై వేలు అవుతుంది. లేదంటే తుక్కు కింద ఇచ్చెయ్యి" అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. "నా గొలుసు కుదువ పెట్టండిరా" అంది అత్త. "కారు అమ్మేద్దాం" అన్నాడు కొడుకు. కోడలు ఏమీ అనలేదు. ఆమెకు ఒక మచ్చ గుర్తుకొచ్చింది.

ఎర్ర మచ్చ

రోజూ తెల్లవారి వాకిలి ఊడ్చేది ఆమే. కల్లాపి చల్లేది ఆమే. కారు నిలిపే చోట నేల మీద మచ్చ కనిపిస్తోంది. రెండు నెలల నుంచి కనిపిస్తోంది. ముందు రూపాయి బిళ్ళంత ఉండేది. తర్వాత చేటంత అయింది. పేడ నీళ్ళు చల్లినా పోదు. చేత్తో తాకితే జిడ్డు. రంగు ఎరుపు.

"ఏవండీ, కారు నుంచి ఎర్రగా ఏదో కారుతోంది" అంది.

"పాత కారు కదా, ఇంజన్ ఆయిలు కారుతుందిలే" అన్నాడు భర్త.

"ఇంజన్ ఆయిలు నల్లగా ఉంటుంది కదా. మీ చొక్కాల మీద మరకలు ఉతికేది నేనే. ఇది ఎర్రగా ఉంది."

భర్త మాట్లాడలేదు. అది నిజమే. వాడిన ఇంజన్ ఆయిలు నల్లగా ఉంటుంది. ఆటోమేటిక్ గేరుపెట్టెలో పోసే ఆయిలు ఎర్రగా ఉంటుంది. దాన్ని ఏ.టి.ఎఫ్. అంటారు. తయారు చేసేవాళ్ళే గుర్తు కోసం ఎర్ర రంగు కలుపుతారు. ఎక్కడ ఏ ఆయిలు కారుతోందో తెలియాలని ఆ ఏర్పాటు. కొన్ని కార్లలో స్టీరింగు ఆయిలు కూడా ఎర్రగానే ఉంటుంది. అందుకని మచ్చ ఒక్కటే చూసి తేల్చెయ్యకూడదు.

గేరుపెట్టెలో ఏముంది?

మామూలు కారులో మూడు పెడల్స్ ఉంటాయి. క్లచ్చి, బ్రేకు, యాక్సిలేటర్. డ్రైవరు క్లచ్చి తొక్కి గేరు మారుస్తాడు. ఆటోమేటిక్ కారులో క్లచ్చి పెడల్ ఉండదు. గేర్లు వాటంతట అవే మారతాయి. ఎలా మారతాయి? ఆ పని చేసేది ఆయిలే.

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికి కరెంటు ఇవ్వండి. అది తిరుగుతుంది. దాని గాలికి రెండో ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుంది. రెంటికీ మధ్య గాలి తప్ప ఏమీ లేదు. ఆటోమేటిక్ గేరుపెట్టె ముందు భాగం ఇలాంటిదే. ఇంజన్ ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. ఎదురుగా ఇంకో రెక్కల చక్రం ఉంటుంది. గాలికి బదులు మధ్యలో ఆయిలు ఉంటుంది. ఆయిలు తోస్తే రెండో చక్రం తిరుగుతుంది. కారు కదులుతుంది.

దాని వెనక ఒక పంపు ఉంటుంది. ఇంజన్ తిరిగినంత సేపూ ఆ పంపు తిరుగుతుంది. అడుగున చాంబరులో ఉన్న ఆయిలును పీల్చి, గట్టిగా నొక్కి పంపుతుంది. ఆ ఒత్తిడితోనే లోపలి క్లచ్చి ప్లేట్లు బిగుస్తాయి, వదులుతాయి. గేరు మారుతుంది. పంపు ఆయిలు పీల్చే చోట ఒక ఫిల్టరు ఉంటుంది. టీ వడకట్టే జల్లెడ లాంటిది.

ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. అందుకే ఇలాంటి కారును తోసి స్టార్టు చేయడం కుదరదు. తాడు కట్టి ఎక్కువ దూరం లాగకూడదు కూడా. లోపల చక్రాలకు ఆయిలు అందక అరిగిపోతాయి. ఈ సంగతి తెలియక ఎన్నో మంచి గేరుపెట్టెలు పాడు చేసుకున్నారు.

ఇప్పుడు బోరు మోటారును గుర్తు తెచ్చుకోండి. వేసవిలో బోరులో నీళ్ళు తగ్గుతాయి. మోటారు నీళ్ళకు బదులు గాలి పీలుస్తుంది. మోత మారిపోతుంది. రైతు ఇంట్లో పడుకునే చెబుతాడు, "మోటారు గాలి లాగుతోంది, కట్టెయ్యండి" అని. గేరుపెట్టెలో పంపు కూడా అంతే. ఆయిలు తగ్గితే గాలి పీలుస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే ఆయిలు అందదు. అప్పుడు గుయ్‌మంటుంది. ఒత్తిడి చాలదు. లివర్ వేస్తే కారు వెంటనే కదలదు.

రాసి పెట్టింది

మర్నాడు కోడలు ఒక పుస్తకం తీసింది. భర్తను కారు స్టార్టు చేయమంది. పక్కన కూర్చుని విన్నది. లివర్ దగ్గర పి, ఆర్, ఎన్, డి అని ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. తొమ్మిదో తరగతి చదివే కూతురు వాటిని చెప్పింది. పి అంటే నిలిపి ఉంచడం. ఆర్ అంటే వెనక్కి. ఎన్ అంటే న్యూట్రల్. డి అంటే ముందుకు.

ఆమె ఇలా రాసింది:

"పి లో ఉన్నా మోత వస్తుంది. ఎన్ లో ఉన్నా వస్తుంది. కారు నిలబడి ఉన్నా వస్తుంది. ఇంజన్ జోరు పెంచితే మోత పెరుగుతుంది. డి లో వేస్తే మూడు అంకెలు లెక్కపెట్టాక కదులుతుంది. ఎర్ర మచ్చ కారు ముందు వైపు పడుతుంది."

ఇది చిన్న సంగతి కాదు. మోత ఎప్పుడు వస్తుందో తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే. కారు నిలబడి ఉన్నప్పుడే మోత వస్తే పంపు వైపు చూడాలి. ఏదో ఒక్క గేరులోనే వస్తే లోపలి పళ్ళ చక్రాలను అనుమానించాలి. కారు పరిగెత్తేటప్పుడు మాత్రమే వచ్చి, ఇంజన్ జోరుతో సంబంధం లేకపోతే, అది చక్రాల బేరింగో వెనక భాగమో కావచ్చు. గేరుపెట్టెకు ఆ పాపం అంటగట్టకూడదు.

పెద్ద మేస్త్రి

భార్యాభర్తలు ఇద్దరూ మళ్ళీ ఆటోనగర్ వెళ్ళారు. ఈసారి ఒక పెద్ద మేస్త్రి దగ్గరకు పోయారు. ఆమె పుస్తకం తీసి చదివి వినిపించింది. పక్కన కుర్రాళ్ళు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"ఇంకోసారి చదువు అమ్మాయ్" అన్నాడు.

ముందు స్టీరింగు అటూ ఇటూ తిప్పాడు. స్టీరింగుకు కూడా ఒక పంపు ఉంటుంది. అది చెడితే స్టీరింగు తిప్పినప్పుడు మోత మారుతుంది. ఇక్కడ మారలేదు. తర్వాత ఇంజన్ ముందున్న బెల్టు తీశాడు. అర నిమిషం మాత్రమే ఇంజన్ నడిపాడు. బెల్టు లేకపోతే స్టీరింగు పంపు, కరెంటు తయారు చేసే డైనమో తిరగవు. అయినా మోత ఉంది. ఒక పొడుగు స్క్రూడ్రైవరు గేరుపెట్టెకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మోత ఇక్కడిదే. ఇక ఆయిలు చూద్దాం" అన్నాడు.

ఆటోమేటిక్ గేరుపెట్టె ఆయిలు చూడడానికి ఒక పద్ధతి ఉంది. ఈ బెంజి కారులో అయితే ఇలా చూడాలి. కారు చదునైన చోట నిలపాలి. హ్యాండ్ బ్రేకు వేయాలి. కాసేపు నడిపి ఆయిలు వేడెక్కనివ్వాలి. లివర్ పి లో పెట్టాలి. ఇంజన్ నడుస్తూ ఉండాలి. అప్పుడు గేజి పుల్ల తీసి తుడిచి, మళ్ళీ దించి తీయాలి. ఇంజన్ ఆయిలు చూసేటప్పుడు ఇంజన్ ఆపుతాం. ఇక్కడ అలా కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పుల్ల తుడిచే గుడ్డకు పోగులు ఊడకూడదు. సన్న పోగు లోపల పడినా ఆయిలు దారికి అడ్డం పడుతుంది.

పుల్ల బయటికి వచ్చింది. దాని మీద రెండు గీతలున్నాయి. కింది గీతకు కూడా ఆయిలు అంటలేదు. పుల్ల కొసన మాత్రం కాస్త తడి ఉంది. రంగు ముదురు గోధుమ. పెద్దాయన వాసన చూశాడు. ఆమెకు కూడా చూపించాడు.

"మాడిన పోపు వాసన వస్తోందా?"

"లేదు బాబాయి గారూ. పాత నూనె వాసన."

"అయితే ఆశ ఉంది" అన్నాడు.

ఆయిలు నల్లబడి, మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు కాలిపోయినట్టు. అప్పుడు ఆయిలు మార్చినా లాభం లేదు. పెట్టె విప్పాల్సిందే. ఆయిలు పాల రంగుకు తిరిగితే నీళ్ళు కలిసినట్టు. ఆ కారును ఇక నడపకూడదు.

కారు కింద చూస్తే కారడం ఎక్కడో దొరికింది. గేరుపెట్టె ఆయిలు వేడెక్కుతుంది కదా. చల్లబడడానికి సన్న గొట్టాల ద్వారా ముందున్న రేడియేటర్ దగ్గరకు పోయి వస్తుంది. ఆ గొట్టాల చివర రబ్బరు ముక్కలుంటాయి. వాటిలో ఒకటి పగిలింది. రోజూ చుక్క చుక్క కారింది. అదే వాకిట్లో మచ్చ.

కారు ఇంటికి వచ్చాక గేరుపెట్టె ఆయిలు ఎప్పుడైనా మార్చారా అని పెద్దాయన అడిగాడు. కోడలు చీటీల సంచి తెచ్చింది. ఒక్కొక్కటీ చదివింది. ఇంజన్ ఆయిలు చీటీలు ఆరు ఉన్నాయి. గేరుపెట్టె ఆయిలు చీటీ ఒక్కటీ లేదు. భర్త తల గీరుకున్నాడు.

బాగుచేశారు

కారును పైకెత్తి, కింద గట్టి స్టాండ్లు పెట్టారు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది. ఆయిలు కాస్త చల్లారనిచ్చారు. చాంబరు బోల్టు విప్పి పాత ఆయిలు దించారు. ముందు భాగంలో రెక్కల చక్రాలున్న చోట కూడా ఒక బోల్టు ఉంది. ఇంజన్‌ను పానాతో చేత్తో తిప్పితే ఆ బోల్టు కిందికి వస్తుంది. దాన్నీ విప్పారు. అది విప్పకపోతే పాత ఆయిలు చాలావరకు లోపలే ఉండిపోతుంది.

చాంబరు ఊడదీశారు. అడుగున సన్నటి బూడిద రంగు మడ్డి ఉంది. పెద్దాయన వేలితో తీసి అరచేతిలో రుద్దాడు. మెరిసే ఇనుప ముక్కలు లేవు. సన్న మడ్డి మామూలే. ముక్కలుంటే భయపడాలి. ఫిల్టరు మాత్రం మూసుకుపోయి ఉంది. కొత్తది వేశారు. కొత్త ప్యాకింగు పెట్టారు. రబ్బరు గొట్టాలు రెండూ మార్చారు.

తర్వాత కొత్త ఎర్ర ఆయిలు. డెక్స్‌రాన్ రకం. డబ్బా మీద పేరు కోడలి కూతురు చదివింది, కారుతో వచ్చిన పుస్తకంలో పేరుతో సరిచూసింది. మామూలు గేరు ఆయిలు ఇందులో పోయకూడదు. ముందు నాలుగు లీటర్లు పోశారు. ఇంజన్ స్టార్టు చేసి, మిగతాది కొద్దికొద్దిగా పోశారు. వేడెక్కాక పుల్లతో చూశారు. మొత్తం ఆరు లీటర్ల పైన పట్టింది. పుల్ల మీద రెండు గీతల మధ్య తేడా సుమారు 300 మిల్లీలీటర్లే. రెండు టీ గ్లాసులు. ఎక్కువ పోస్తే మంచిదనుకోకూడదు. ఎక్కువైతే చక్రాలు ఆయిలును కవ్వంలా చిలుకుతాయి. నురుగు వస్తుంది. నురుగులో గాలి ఉంటుంది. పంపు మళ్ళీ గుయ్‌మంటుంది.

పాత ఆయిలు కాలవలో పోయలేదు. డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవాడికి ఇచ్చారు. అది నేలలో పడితే నీళ్ళు పాడవుతాయి.

ఖర్చు కోడలే రాసింది. ఆయిలు 7 లీటర్లు, లీటరు 600, మొత్తం 4,200. ఫిల్టరు, ప్యాకింగు 2,600. గొట్టాలు 1,800. కూలి 1,500. అన్నీ కూడితే 10,100 రూపాయలు. అత్త గొలుసు మెడలోనే ఉంది.

గుయ్‌మనే మోత పోయింది. మొదటి రోజు కాస్త వినిపించింది. లోపలి గాలి పోయాక తగ్గిపోయింది. లివర్ వేస్తే కారు వెంటనే కదులుతోంది. కానీ "దడ్" మనడం పూర్తిగా పోలేదు. దానికి కారణం వేరు. గేరుపెట్టె నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టుకు మందపాటి రబ్బరు బిళ్ళలుంటాయి. ఒకటి పగుళ్ళిచ్చింది. "పెళ్లిళ్ళు అయ్యాక మార్చు. అందాకా మెల్లగా నడుపు" అని భర్తకు చెప్పాడు పెద్దాయన.

"పంపు ఎండగా తిరిగింది కదా, అరిగి ఉంటుందా?" అని అడిగింది కోడలు.

"కొంత అరిగే ఉంటుంది. అబద్ధం చెప్పను. నెలకోసారి పుల్ల తీసి చూడు. మోత మళ్ళీ వస్తే ఆగకుండా రా" అన్నాడు.

మాఘమాసంలో కారు మూడు పెళ్లిళ్ళకూ పోయింది. మొదటి పెళ్లి అయిన మర్నాడు కోడలు వాకిలి ఊడ్చింది. కారు కింద వంగి చూసింది. ఎర్ర మచ్చ లేదు. ఇంజన్ కింద చిన్న నల్ల మచ్చ ఉంది. చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్ళింది. పుస్తకం తీసి తేదీ వేసి రాసుకుంది.