ఇరువది నాలుగు గంటల నొప్పి

అపెండిసైటిస్ అను వ్యాధిని తెలుగువారు 'ఇరువది నాలుగు గంటల నొప్పి' యని పిలుచుట వాడుక. ఈ పేరు వ్యాధి వేగమును తెలుపునే గాని, ఒక దినము వేచి చూడవచ్చునని దానికి అర్థము కాదు. సకాలమున చికిత్స జరిగినచో ఇది సులభసాధ్యము, ఆలస్యమైనచో ప్రాణాంతకము.

వ్యాధి పుట్టు విధము

చిన్నప్రేవు పెద్దప్రేవుతో కలియు చోటికి దిగువను, పొట్ట కుడిభాగమున, వానపామువంటి సన్నని గొట్టమొకటి కలదు. దీనికి ఉండుకమని పేరు. ఇది సాధారణముగా 6 మొదలు 10 సెంటీమీటర్ల పొడవుండును. దీని ఒక కొన సహజముగనే మూసికొని యుండును. గట్టిపడిన మలము వంటిది రెండవ కొనకు అడ్డుపడినచో లోపలి ద్రవము వెలుపలికి రాజాలదు. అప్పుడు గొట్టము ఉబ్బును, సూక్ష్మజీవులు పెరుగును, రక్తప్రసారము తగ్గును. తుదకు చిల్లిపడి, చీము పొట్టలో వ్యాపించును. 10 మొదలు 30 ఏండ్ల వయస్సు వారికి ఈ వ్యాధి హెచ్చుగా వచ్చును. కాని ఏ వయస్సు వారికైనను రావచ్చును.

గుర్తులు

నొప్పి తొలుత బొడ్డు చుట్టును తోచును. కొన్ని గంటలకు కుడివైపు దిగువకు మారి, అచటనే స్థిరపడును. ఆకలి నశించుట, వికారము, వాంతి, కొంచెము జ్వరము తరువాతి గుర్తులు. దగ్గినను, నడచినను, బండి కుదిపినను నొప్పి హెచ్చును. పసిపిల్లలలోను, వృద్ధులలోను ఈ గుర్తులు స్పష్టముగా నుండకపోవచ్చును. గర్భిణులలో నొప్పి మరికొంత పైభాగమున కలుగవచ్చును.

తీవ్రమైన నొప్పి హఠాత్తుగా తగ్గి, పిమ్మట పొట్టయంతయు బిగిసి, జ్వరము హెచ్చినచో, రోగి కోలుకొనుచున్నాడని భ్రమపడరాదు. ఉండుకము చిల్లిపడినప్పుడును ఇట్లే జరుగును.

చేయరాని పనులు

కడుపునొప్పి యనగానే అజీర్ణమని తలచి ఆముదము పట్టించుట పెక్కు ఇండ్లలో అలవాటు. ఈ వ్యాధిలో విరేచనపు మందు గాని, ఎనిమా గాని ఇచ్చినచో ఉండుకము చిల్లిపడు ప్రమాదము కలదు. పొట్టను పిసుకరాదు, కాపడము పెట్టరాదు, చురకలు వేయరాదు. శస్త్రచికిత్స అవసరము కావచ్చును గనుక వైద్యుడు చూచువరకు ఆహారమీయక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

వ్యాధి నిర్ణయము

బొడ్డునుండి కుడి తుంటియెముక ముందుకొన వరకు ఒక గీతను ఊహించి, ఆ ఎముకనుండి మూడవవంతు దూరమున వైద్యుడు నొక్కి చూచును. 1889లో అమెరికా వైద్యుడు మెక్‌బర్నీ వివరించిన ఈ తావున, నొక్కినప్పుడు నొప్పి హెచ్చుగా నుండును. రక్తములో తెల్లకణముల పెరుగుదలను, మూత్రమును పరీక్షింతురు. మూత్రకోశపు రాళ్లు, స్త్రీలలో గర్భాశయము వెలుపల నిలిచిన గర్భము మొదలగునవియు ఇట్టి నొప్పినే కలిగింపగలవు. కావున అల్ట్రాసౌండ్, అవసరమైనచో సీటీ స్కాన్ తోడ్పడును.

చికిత్స

వాచిన ఉండుకమును శస్త్రచికిత్సచే తొలగించుటయే చిరకాలముగా స్థిరపడిన పద్ధతి. నేడు పెక్కు ఆసుపత్రులలో చిన్న రంధ్రములగుండ దీనిని చేయుచున్నారు. చిల్లిపడనివారు పెక్కుమంది కొద్దిదినములలోనే ఇల్లు చేరుదురు. ఉండుకము లేకున్నను జీర్ణశక్తికి గాని, కాయకష్టమునకు గాని లోటు రాదు.

కొందరికి యాంటీబయాటిక్ మందులతోనే నయమగును. అయితే 2020లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, మందులతో చికిత్స ప్రారంభించిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురికి 90 దినములలోపల శస్త్రచికిత్స జరిగినది. కావున ఏది తగినదో వైద్యుడే నిర్ణయింపవలెను. ఇంటివద్ద మాత్రలు మ్రింగి కాలము గడుపరాదు.

బొడ్డువద్ద పుట్టిన నొప్పి కుడివైపునకు దిగి నిలిచినచో, తెల్లవారువరకు వేచియుండక ఆ రాత్రియే శస్త్రచికిత్స వసతిగల ఆసుపత్రికి బయలుదేరవలెను.