సంపద కన్నా ముందే వార్ధక్యం

నవంబరు వస్తే మన శాఖల్లో లైఫ్ సర్టిఫికెట్ల హడావుడి మొదలవుతుంది. కౌంటరు ముందు కనిపించే ఆ పెద్దల సంఖ్య వెనుక దేశ ఆర్థిక వ్యవస్థకు సంబంధించిన పెద్ద లెక్కే ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం అరవై దాటినవారు 10 కోట్ల పైచిలుకు, అంటే నూటికి 8.6 మంది. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు వారే అవుతారని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆయుర్దాయం పెరిగింది, కాన్పులు తగ్గాయి. జనాభా నిలకడగా ఉండాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇది బీహారులో 3 కాగా తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది ఇందుకే.

దీనికీ ఆర్థికవృద్ధికీ సంబంధమేమిటి? పనిచేసే చేతులు తగ్గితే ఉత్పత్తి వేగం తగ్గుతుందన్నది తేలిగ్గా అర్థమయ్యేదే. బ్యాంకు వారికి ముఖ్యమైనది పొదుపు. మనిషి సంపాదించే వయసులో దాచి, విశ్రాంత జీవితంలో ఖర్చు చేస్తాడని 1985లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రాంకో మొడిగ్లియానీ సిద్ధాంతం. ఆ ప్రకారం వృద్ధులు పెరిగేకొద్దీ డిపాజిట్లు కరిగి, పెట్టుబడికి నిధులు తగ్గాలి. (మన పెద్దలు మాత్రం ఆసుపత్రి ఖర్చు మీద పడితే తప్ప ఎఫ్‌డీని కదిలించరు. మనవరాలి పెళ్లి కోసమంటూ రెన్యూవల్ చేయిస్తూనే ఉంటారు.)

జపానులో 65 దాటినవారి వాటా 7 నుంచి 14 శాతానికి చేరడానికి 1970 నుంచి 1994 దాకా పట్టింది. ఫ్రాన్సుకు వందేళ్లకు పైనే పట్టింది. ఆ మార్పు వచ్చేసరికి ఆ దేశాల్లో ఆదాయాలు, పెన్షన్లు స్థిరపడ్డాయి. మన శ్రామికుల్లో అత్యధికులు అసంఘటిత రంగంలోనే ఉన్నారు. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను 80 ఏళ్లలోపు వారికి నెలకు 200 రూపాయలు, ఆపైన 500. మిగిలింది రాష్ట్రాలు కలపాల్సిందే.

2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన మంచి ప్రయత్నమే. కానీ ధరలు ఏటా 5 శాతం పెరిగితే, 18వ ఏట చేరిన కుర్రాడికి అరవయ్యేళ్లకు అందే 5,000 రూపాయలు నేటి విలువలో 650 లోపే. ఖాతా తెరిపించేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి. 2010 ఏప్రిల్ తర్వాత చేరిన మన సిబ్బంది పెన్షన్ సైతం ఎన్‌పీఎస్ నిధి రాబడి మీదే ఆధారపడింది.

పనిచేసేవారు తగ్గినప్పుడు స్త్రీలు ఉద్యోగాల్లోకి రావడం ఒక ఉపాయం. అయితే మంచం పట్టిన అత్తగారిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసేది ఎక్కువగా కోడలే. ఆమె చేసే సేవ జీడీపీలోకి రాదు, పోయిన జీతం మాత్రం అందులోంచి తగ్గుతుంది.